గరిష్ఠ ధర పెట్టాక పోటీ ఏమవుతుంది? మందుల ధరల నియంత్రణపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ధరల నియంత్రణ, పోటీపై దాని ప్రభావం. ఇది చాలా విశాలమైన అంశం. నేను ఒక్క రంగానికే పరిమితమవుతాను. అది మందుల రంగం. మన దేశంలో ధరల నియంత్రణ లిఖితపూర్వకమైన సూత్రంతో, దశాబ్దాలుగా సాగుతున్న రంగాల్లో అదొకటి. పైగా మనం హైదరాబాదులో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఇక్కడ బల్క్ డ్రగ్ పరిశ్రమతో, అంటే ముడి ఔషధాలు తయారు చేసే పరిశ్రమతో, ఏదో ఒక సంబంధం లేని కుటుంబాలు ఈ సభలో తక్కువే ఉంటాయి.

ముందుగా నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మందుల ధరలను ప్రభుత్వం నియంత్రించడం అవసరమని నేను నమ్ముతాను. కూరగాయలు కొనేటప్పుడు బేరం మన చేతిలో ఉంటుంది. మందుల విషయంలో రాసేది డాక్టరు, ఇచ్చేది దుకాణదారు, డబ్బు కట్టేది రోగి. ఎంచుకునేవాడు ఒకడు, చెల్లించేవాడు మరొకడు అయినప్పుడు బజారు తనంతట తాను ధరలను సరిదిద్దుకుంటుందని ఊరుకోలేం. కాబట్టి నియంత్రణ ఉండాలా వద్దా అన్నది ఈ రోజు నా ప్రశ్న కాదు. నియంత్రణ కోసం మనం ఎంచుకున్న సూత్రం కంపెనీల మధ్య పోటీని ఏం చేస్తోంది? చవకగా అమ్మేవాడికి అది సాయపడుతోందా, లేక వాడినే బజారు నుంచి బయటికి నెడుతోందా? నా ప్రశ్న ఇది.

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, త్వరగానే ముగిస్తాను. నిత్యావసర వస్తువుల చట్టం 1955లో వచ్చింది. దాని కింద 1970లో మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1979 ఉత్తర్వు నాటికి 347 ముడి ఔషధాలు నియంత్రణలో ఉండేవి. 1987లో అవి 142 అయ్యాయి, 1995లో 74కు తగ్గాయి. అప్పటి పద్ధతిలో తయారీ ఖర్చు లెక్కగట్టి, దానిపై ఇంత శాతం అని అనుమతించేవారు. ఆ ధరలను పర్యవేక్షించడానికి 1997లో జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ ఏర్పడింది. మనమంతా ఎన్‌పీపీఏ అంటున్నది దాన్నే.

అయితే ఈ చరిత్రలో మరో పాయ ఉంది, దాన్ని మరచిపోకూడదు. 1961లో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఏర్పడింది, దాని కర్మాగారం ఒకటి మన బాలానగర్‌లో వచ్చింది. 1970 పేటెంట్ల చట్టం మందులకు ఉత్పత్తి పేటెంటును తీసేసింది. 2005లో ఉత్పత్తి పేటెంటు తిరిగి వచ్చే దాకా, అణువు ఒకటే అయినా తయారీ పద్ధతి వేరైతే ఎవరైనా తయారు చేసుకోగలిగేవారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అలాగే ఈ నగరం చుట్టూ ఎన్నో సంస్థలు పుట్టాయి. మన దేశంలో మందులు చవక కావడానికి ధరల ఉత్తర్వులు ఎంత కారణమో, ఒకే మందును పది మంది, ఇరవై మంది తయారు చేయగలగడం అంతకన్నా పెద్ద కారణం. నా ప్రసంగమంతా ఈ మాట మీదే నిలబడి ఉంది. పది మంది ఉన్నంత కాలం ధర అదుపులో ఉంటుంది. ఆ పది మందిని ఇద్దరిగా మార్చే నియంత్రణ ఏదైనా, ఈ రోజు ఎంత ఉపశమనం ఇచ్చినా, రేపటికి ప్రమాదమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2013 మే నెలలో కొత్త ఉత్తర్వు వచ్చింది. అది తయారీ ఖర్చు లెక్కను వదిలేసి, బజారు ధరల సగటును ఆధారంగా తీసుకుంది. 2011 నాటి అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలోని 348 మందులను షెడ్యూలులో, అంటే గరిష్ఠ ధర వర్తించే మందుల పట్టికలో, చేర్చింది. సూత్రం చూడటానికి చాలా సులువు. ఒక మందులో, ఒక మోతాదులో, కనీసం ఒక శాతం మార్కెట్ వాటా ఉన్న బ్రాండ్లన్నిటి ధరలు తీసుకోవాలి. అంటే చిల్లర దుకాణదారుకు కంపెనీ అమ్మే ధరలు. వాటికి సాధారణ సగటు కట్టి, దానిపై దుకాణదారుకు 16 శాతం లాభం కలపాలి. అదే గరిష్ఠ ధర, పన్నులు అదనం. ఎవరూ అంతకు మించి అమ్మకూడదు.

బోర్డు మీద ఒక లెక్క వేస్తాను, దయచేసి గమనించండి. ఇవి కేవలం ఉదాహరణ కోసం నేను అనుకున్న అంకెలు. ఒక మాత్రను ఐదు కంపెనీలు అమ్ముతున్నాయి. పది మాత్రల స్ట్రిప్‌కు దుకాణదారు చెల్లించే ధర మొదటి కంపెనీకి 20 రూపాయలు, రెండో దానికి 16, మూడో దానికి 14, నాలుగో దానికి 6, ఐదో దానికి 4. మొత్తం 60. సగటు 12. పదహారు శాతం కలిపితే 13 రూపాయల 92 పైసలు. ఇదే గరిష్ఠ ధర అయింది.

ఏం జరిగింది? 20 రూపాయల కంపెనీ 12కు దిగింది. 16 రూపాయలది 12కు దిగింది. 14 రూపాయలది కూడా 12కు దిగింది. రోగికి మేలు జరిగింది కదా అంటారు. నిజమే, ఆ మూడు బ్రాండ్లు వాడేవారికి మేలు జరిగింది, నేను కాదనను. కానీ రెండు విషయాలు చూడండి. నిన్నటి దాకా పై మూడు కంపెనీల మధ్య ధరలో తేడా ఉండేది, ఎంతో కొంత పోటీ ఉండేది; ఈ రోజు ముగ్గురిదీ ఒకే ధర. ఇక నాలుగు రూపాయలకు అమ్మే ఐదో కంపెనీని చూడండి. నిన్నటి దాకా దానికీ మొదటి కంపెనీకీ మధ్య 16 రూపాయల తేడా ఉండేది. ఆ తేడా ఇప్పుడు 8 అయింది, సగానికి సగం పోయింది.

ఆ తేడాకు అంత ప్రాముఖ్యం ఎందుకంటారా? చిన్న కంపెనీకి ఉన్న ఆయుధం అదొక్కటే కాబట్టి. దానికి ఊరూరా తిరిగే మెడికల్ రెప్‌లు లేరు. డాక్టర్ల సదస్సులకు ఖర్చు పెట్టే స్తోమత లేదు. ముప్పై ఏళ్లుగా డాక్టరు కలానికి అలవాటైన పేరు లేదు. "నేను చవక" అని చెప్పుకోవడం తప్ప దాని దగ్గర ఏమీ లేదు. మన దేశపు మందుల బజారులో ఒక విచిత్రం ఉంది. చాలా మందుల్లో ఎక్కువగా అమ్ముడుపోయే బ్రాండే ఎక్కువ ధర ఉన్న బ్రాండు కూడా. రోగి నమ్మకం పేరు మీద ఉంటుంది, ధర మీద కాదు. అటువంటి చోట పేరున్న కంపెనీ ధరను ప్రభుత్వమే చట్టంతో కిందికి దించి, పేరులేని కంపెనీ ధరకు దగ్గరగా తెచ్చి నిలబెడితే, డాక్టరు ఎవరిని రాస్తాడు? దుకాణానికి వచ్చినవాడు ఏది అడుగుతాడు? "ఎనిమిది రూపాయల తేడాకు తెలియని కంపెనీది ఎందుకులే" అంటాడు. తప్పు అతనిది కాదు.

మరో సంగతి. ఇదే మందును రెండు రూపాయలకు అమ్మే ఆరో కంపెనీ ఉందనుకుందాం. దాని వాటా ఒక శాతం లోపు. అది సగటు లెక్కలోకే రాదు. వస్తే సగటు 12 నుంచి 10 రూపాయల 33 పైసలకు దిగేది. చిన్న వాటా ఉన్నవాళ్లను పక్కన పెట్టడానికి కారణం ఉండవచ్చు, లెక్క చెదిరిపోకూడదని అనుకుని ఉండవచ్చు. కానీ బజారులోకి కొత్తగా వచ్చినవాడు, చవకగా అమ్మి చోటు సంపాదించుకోవాలని చూసేవాడు సరిగ్గా ఆ ఒక శాతం లోపే ఉంటాడు. వాడి ధరకు ఈ లెక్కలో విలువ లేదు.

సాధారణ సగటు బదులు అమ్మకాల పరిమాణాన్ని బట్టి సగటు కడితే సరిపోతుంది కదా అని అర్థశాస్త్రం చదివిన విద్యార్థులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఎక్కువ ధర ఉన్న బ్రాండే ఎక్కువగా అమ్ముడుపోయే మందుల్లో అలా చేస్తే సగటు ఇంకా పైకి పోతుంది. తరాజు ఎటు తిప్పినా పెద్ద కంపెనీ వైపే మొగ్గుతుంది.

ఇక ఉత్తర్వులోని మరో నిబంధన చూద్దాం. దీన్ని గురించి బయట అంతగా మాట్లాడరు. గరిష్ఠ ధర ప్రకటించే నాటికి అంతకన్నా తక్కువకు అమ్ముతున్న కంపెనీ తన ధరను అలాగే కొనసాగించాలి. గరిష్ఠ ధర దాదాపు 14 రూపాయలు ఉంది కదా అని నాలుగు రూపాయలవాడు ఆరుకు పెంచుకోవడానికి వీల్లేదు. ఏడాదికొకసారి, ఏప్రిల్‌లో, టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అంత పెంచుకోవచ్చు. 2022లో ఆ సూచీ పెరుగుదల 10.77 శాతం, 2023లో 12.12 శాతం, 2024లో దాదాపు సున్న. 2016లోనైతే సూచీ 2.71 శాతం తగ్గింది కాబట్టి గరిష్ఠ ధరలనే తగ్గించాల్సి వచ్చింది.

ఉద్దేశం మంచిదే. చవకగా అమ్మేవాడు గరిష్ఠ ధర దాకా ఎగబాకకూడదన్నది ఆలోచన. రోగి వైపు నుంచి చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ కంపెనీ నడిపేవాడి వైపు నుంచి ఒక్కసారి చూడండి. ముడిసరుకులో చాలా భాగం చైనా నుంచి వస్తోంది. అక్కడ ధర ఒక్కసారిగా పెరిగితే, 12 రూపాయలకు అమ్మేవాడు తట్టుకుంటాడు. నాలుగు రూపాయలకు అమ్మేవాడు తట్టుకోలేడు. ఇద్దరికీ ఒకే శాతం పెంపు అనుమతిస్తే, ఒకడికి రూపాయికి పైగా వస్తుంది, మరొకడికి పైసల్లో వస్తుంది. ఇద్దరూ ముడిసరుకు కొనేది మాత్రం ఒకే బజారులో. ఎవరు తక్కువకు అమ్మారో వారే ముందు మూతపడతారు. దీన్ని మనం కోరుకున్నామా?

ఈ అనుభవం మిగతా వ్యాపారులకు ఏం నేర్పుతుందో కూడా ఆలోచించండి. షెడ్యూలులో లేని మందులకు గరిష్ఠ ధర లేదు గానీ, పన్నెండు నెలల్లో 10 శాతానికి మించి ధర పెంచకూడదన్న నియమం ఉంది. కాబట్టి కొత్త మందు తెచ్చేవాడు మొదటి రోజే ధర ఎక్కువగా పెట్టుకుంటాడు. తక్కువతో మొదలుపెట్టి, పేరు తెచ్చుకుని, తర్వాత పెంచుకుందామనే దారి ఇరుకైపోయింది. రేపు ఈ మందును షెడ్యూలులో చేరుస్తారేమో అన్న అనుమానం ఉంటే, ఈ రోజు ధర తగ్గించి పోటీకి దిగడం ఎవరికి లాభం? తగ్గించినవాడు తగ్గించిన చోటే బందీ అవుతాడు. పైగా వాడి తగ్గింపు సగటును కిందికి లాగి అందరికీ నష్టం తెస్తుంది. ఏ కంపెనీలూ ఒక గదిలో కూర్చుని కూడబలుక్కోనక్కర్లేదు. 2002 పోటీ చట్టం కూడబలుక్కోవడాన్ని నిషేధించింది, సరే. కానీ అందరూ చూసుకునే ఒక అంకెను ప్రభుత్వమే గెజిట్‌లో అచ్చువేసి ఇచ్చినప్పుడు, అందరూ ఆ అంకె దగ్గరికి చేరడానికి ఒప్పందం ఎందుకు? కొత్తగా ఆ మందులోకి వచ్చేవాడు కూడా ఆ అంకె చూసే ధర పెట్టుకుంటాడు.

ఇక్కడ మందుల దుకాణాలు నడిపే మిత్రులు కొందరు ఉన్నారు, వారికి నేను చెప్పబోయేది బాగా తెలుసు. ధరలో పోటీ ఆగిపోతే పోటీ పూర్తిగా ఆగిపోదు, వేరే చోటికి పోతుంది. ఎక్కడికి? దుకాణదారు లాభంలోకి. కొన్ని రకాల జనరిక్ మందుల మీద ముద్రించిన ఎమ్మార్పీ పేరున్న బ్రాండు ఎమ్మార్పీకి దగ్గరగానే ఉంటుంది. దుకాణదారుకు మాత్రం అందులో చిన్న భాగానికే దొరుకుతుంది. కంపెనీలు పోటీ పడుతున్నాయి, కానీ రోగికి తగ్గించి ఇవ్వడానికి కాదు, దుకాణదారుకు ఎక్కువ మిగల్చడానికి. పదికి రెండు ఉచితం, పదికి ఐదు ఉచితం అనే స్కీములన్నీ ఆ పోటీయే. భారత పోటీ కమిషన్ 2018 అక్టోబరులో వెలువరించిన పత్రంలో, ఈ వ్యాపార లాభాలు మందుల ధరలు పెరగడానికి ఒక ముఖ్య కారణమని చెప్పింది. ఈ సారి మందు కొన్నప్పుడు స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. తయారు చేసింది హిమాచల్‌లోని బద్ది కర్మాగారం అని, అమ్మేది ఇంకెక్కడో ఉన్న వేరే కంపెనీ అని చాలా వాటి మీద ఉంటుంది. ఒకే కర్మాగారం పలు కంపెనీలకు మాత్రలు చేసి ఇస్తుంది. లోపలి మాత్రలో తేడా లేకపోయినా, పేరును బట్టి ధర, ధరను బట్టి ఎవరి లాభం ఎంతన్నది మారుతుంది.

తప్పించుకునే దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. షెడ్యూలు మందు పేరుతో పాటు మోతాదును కూడా చెబుతుంది. 2011 జాబితాలో పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఉంది, 650 లేదు. 650ని 2015 జాబితాలో చేర్చారు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఉంది, దాన్ని గ్లిమెపిరైడ్‌తో కలిపిన మాత్ర లేదు. నియంత్రణలో ఉన్న మాత్ర నుంచి నియంత్రణ లేని మోతాదుకు, లేని మిశ్రమానికి డాక్టరు రాతను మళ్లించాలంటే ఏం కావాలి? రెప్‌లు కావాలి, ప్రచారం కావాలి. అవి పెద్ద కంపెనీ దగ్గర ఉన్నాయి. చిన్న కంపెనీ నియంత్రిత మాత్ర దగ్గరే మిగిలిపోతుంది.

ఇప్పటి దాకా గరిష్ఠ ధర పెద్దవారిని ఎలా కాపాడుతుందో చెప్పాను. గరిష్ఠ ధర మరీ తక్కువైతే అసలు అమ్మేవారే మిగలరు. ఇది ఊహ కాదు, జరిగిన సంగతి. ఉత్తర్వులో 19వ పేరా ఉంది, అసాధారణ పరిస్థితుల్లో ప్రజాప్రయోజనం కోసం ధర మార్చే అధికారం ఇచ్చేది. ధరలు తగ్గించడానికి పనికొస్తుందని అందరూ అనుకున్న ఆ పేరాను, 2019 డిసెంబరులో ధరలు పెంచడానికి వాడాల్సి వచ్చింది. 21 ఫార్ములేషన్ల, అంటే మాత్ర, ఇంజెక్షను వంటి తయారైన మందుల, గరిష్ఠ ధరను ఒకేసారి 50 శాతం పెంచారు. 2021లో కార్బమజెపైన్, రానిటిడిన్, ఐబుప్రొఫెన్‌లకు అదే పని చేశారు. 2024 అక్టోబరులో మరో ఎనిమిది మందులకు చేశారు. ఆ ఎనిమిదిలో ఏమున్నాయో వినండి. బెంజైల్ పెన్సిలిన్ ఇంజెక్షను, అట్రోపిన్ ఇంజెక్షను, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్, మానసిక వ్యాధికి వాడే లిథియం. పురుగుల మందు తాగి ఆసుపత్రికి వచ్చిన రైతుకు మొదట ఎక్కించేది అట్రోపినే. దాని విలువ మన జిల్లాల్లో పనిచేసిన ఏ డాక్టరునైనా అడగండి. అటువంటి మందు గిట్టుబాటు కాదని తయారీదారులు దరఖాస్తు పెట్టుకునే దాకా ధర అక్కడే ఉండిపోయింది.

గిట్టకపోతే కంపెనీలు అన్నీ ఒక్కసారిగా మానేయవు. ఒకటి మానేస్తుంది, తర్వాత ఇంకొకటి. మానేయాలంటే ఆరు నెలల ముందు ప్రభుత్వానికి, ప్రజలకు తెలియజేయాలని 21వ పేరా చెబుతుంది. ప్రభుత్వం ఏడాది దాకా కొనసాగించమని ఆదేశించవచ్చు. కానీ కొనసాగించడమంటే ఎంత తయారు చేస్తున్నారు? అసలు తయారీ మానేసిన తర్వాత ఆ యంత్రాలను, ఆ లైసెన్సులను, ఆ నిపుణులను మళ్లీ సమకూర్చుకోవడం ఎంత కష్టమో పెన్సిలిన్ చెబుతుంది. పుణె దగ్గర పింప్రీలోని ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ 1950లలోనే పెన్సిలిన్ తయారు చేసింది. తర్వాత చైనా సరుకు చవకగా వచ్చి పడటంతో, పెన్సిలిన్ రకపు మందులకు ముడిసరుకైన పెన్సిలిన్–జి తయారీ మన దేశంలో ఆగిపోయింది. దాన్ని తిరిగి తేవడానికి 2020లో ప్రోత్సాహక పథకం పెట్టాల్సి వచ్చింది, దాని కింద కాకినాడ దగ్గర కర్మాగారం వచ్చింది. పెన్సిలిన్–జి పోవడానికి మూలం దిగుమతులే, ధరల ఉత్తర్వు ఒక్కటే కాదు. కానీ దిగుమతుల దెబ్బ తగిలినవాడికి కదలడానికి వీలు లేకుండా చేసిన నియమాలు మనవే.

గుండె రక్తనాళాల్లో అమర్చే స్టెంట్ల సంగతి ఎందుకు చెప్పలేదని అడుగుతారు, చెబుతాను. 2017 ఫిబ్రవరి 13న మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా ప్రకటించారు. అంతకు ముందు మందు పూసిన స్టెంటుకు రోగి లక్ష రూపాయలకు పైగా కట్టేవాడు. అది న్యాయమైన జోక్యం, నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అక్కడ ధరలో పెద్ద భాగం ఆసుపత్రులు, పంపిణీదారుల లాభమే. అయితే పాత స్టెంటుకూ కొత్త తరం స్టెంటుకూ ఒకే ధర పెట్టారు. కొన్ని విదేశీ కంపెనీలు తమ కొత్త రకాలను ఉపసంహరించుకుంటామని దరఖాస్తు చేశాయి. ఒకే ధర ఉన్నప్పుడు మెరుగైనది తేవడంలో పోటీ తగ్గుతుంది. లాభం ఎక్కడ పేరుకుందో అక్కడ కోయాలి గానీ, తయారీదారుల మధ్య ఉన్న తేడాలన్నిటినీ చెరిపేయకూడదు.

ఎక్కడ కోయాలో మన ప్రభుత్వానికి తెలియదని కాదు. 2019 ఫిబ్రవరిలో 42 క్యాన్సర్ మందులకు గరిష్ఠ ధర పెట్టలేదు; మధ్యవర్తుల లాభం 30 శాతం మించకూడదని మాత్రమే పెట్టారు. తయారీదారుడు తన ధర తాను నిర్ణయించుకుంటాడు, కానీ ఎమ్మార్పీని ఇష్టం వచ్చినట్టు ఉబ్బించి ఆసుపత్రిని ఆకర్షించలేడు. అప్పుడు పోటీ మళ్లీ ధరలోకి రాక తప్పదు. నా మొదటి కోరిక ఇదే. ఎక్కువ మంది తయారీదారులున్న మందుల్లో వ్యాపార లాభానికి హద్దు పెట్టండి. ఒకరిద్దరే ఉన్న మందుల్లో గరిష్ఠ ధర ఉంచండి. అంటే ముందు ఎంతమంది ఉన్నారో చూసి, తర్వాత పద్ధతి ఎంచుకోండి.

రెండోది, గరిష్ఠ ధరలో సగానికన్నా తక్కువకు అమ్మేవారిని సూచీకి కట్టేయడం మానండి. నాలుగు రూపాయలవాడు ఐదుకు పెంచుకున్నా రోగికి జరిగే నష్టం కొద్దిదే. వాడు మూతపడితే జరిగే నష్టం పెద్దది.

మూడోది నాణ్యత. చవక మందు మీద నమ్మకం లేనంత కాలం చవకగా అమ్మేవాడు పోటీలో నిలవలేడు. ఆ నమ్మకం ప్రకటనలతో రాదు. రాష్ట్ర ఔషధ పరీక్షా కేంద్రాల్లో తగినంత మంది సిబ్బంది ఉండి, దుకాణాల నుంచి తెచ్చిన నమూనాల ఫలితాలు, బాగున్నవీ బాగులేనివీ రెండూ, బ్యాచ్ నంబర్లతో ఎప్పటికప్పుడు బయటపెడితే వస్తుంది. ధరల నియంత్రణ గురించి మాట్లాడే సభల్లో పరీక్షా కేంద్రాల మాట ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో రెండూ ఒకే సమస్యకు చెందినవి.

చివరిగా ఒక చిన్న కోరిక, పెద్దగా ఖర్చు లేనిది. ప్రతి ఏప్రిల్‌లో సవరించిన గరిష్ఠ ధరల పట్టిక వస్తుంది. అందులో మందు పేరు, మోతాదు, ధర ఉంటాయి. దానికి రెండు నిలువు వరుసలు చేర్చమనండి. ఈ మందును నిరుటి ఏడాది నిజంగా తయారు చేసినవారు ఎంతమంది? వారిలో గరిష్ఠ ధరకు బాగా దిగువన అమ్మినవారు ఎంతమంది? షెడ్యూలు మందుల తయారీ, అమ్మకాల వివరాలను కంపెనీలు మూడు నెలలకొకసారి ఎన్‌పీపీఏకు పంపుతూనే ఉన్నాయి. సమాచారం అక్కడ ఉంది, అచ్చువేయడమే మిగిలింది. ఆ రెండు వరుసల్లో అంకెలు ఏటా తగ్గుతూ కనిపిస్తే, అట్రోపిన్ లాంటి మందు గురించి దరఖాస్తు వచ్చే దాకా ఆగనక్కర్లేదు, రెండు మూడేళ్ల ముందే తెలుస్తుంది. ఇక్కడున్న విద్యార్థుల్లో ఎవరైనా ఒక్క మందునైనా తీసుకుని, 2013 నుంచి నేటి దాకా ఆ లెక్క కట్టే పని మొదలుపెడితే నా చేతనైన సహాయం చేస్తాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, ముందుగా దుకాణదారుల వైపు నుంచి వినాలని ఉంది.